గ్యాస్ బార్బెక్యూ కొనేముందు ప్రెషర్ ఎంతో అడగండి

సంపాదకుల వారికి,

చలికాలం మొదలైతే చాలు, బరంపురంలో డాబాల మీద గ్యాస్ బార్బెక్యూలు, అంటే గ్యాస్ మంట మీద చేపా మాంసం ముక్కలు కాల్చే గ్రిల్స్, కనిపిస్తున్నాయి. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు పెరళ్ళలో ఉన్నాయి, పర్లాకిమిడి, గుణుపురం దాకా చేరాయి. బొగ్గు రాజేసే పని లేదు, పొగ తక్కువ, పావుగంటలో జాలీ కాగిపోతుంది. మంచి వస్తువే, సందేహం లేదు. కానీ దానితో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, అందులో రాసింది తరచుగా వేరే దేశపు గ్యాస్ బండ గురించి. దుకాణంలో మూత ఎత్తి చూపిస్తారు, బర్నర్లు లెక్కపెట్టి చూపిస్తారు, బిల్లు రాసేస్తారు. అది ఏ ప్రెషర్‌కి తయారైందో అమ్మినవాళ్ళూ చెప్పరు, కొన్నవాళ్ళూ అడగరు. మేము మరమ్మతుకి విప్పే గ్రిల్స్‌లో చాలావాటి జబ్బు అక్కడే మొదలైంది కాబట్టి మీ పాఠకుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన ఇళ్ళకి వచ్చే 14.2 కిలోల బండకి తగిలించే రెగ్యులేటర్ గ్యాస్‌ని దాదాపు 30 మిల్లీబార్ల ప్రెషర్‌కి దించి పొయ్యికి పంపుతుంది. ఇక్కడ ఇళ్ళకి అమ్మే వంటపొయ్యిల జెట్లు, అంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రాల ముక్కలు, ఆ లెక్కకే తొలిచినవి. బార్బెక్యూలు అలా కాదు. అమెరికా మోడళ్ళు 11 అంగుళాల నీటి మట్టానికి, అంటే సుమారు 27 మిల్లీబార్లకి చేస్తారు. అవి మన రెగ్యులేటర్ మీద ఇబ్బంది లేకుండా వెలుగుతాయి. యూరప్ నుంచి వచ్చేవాటిలో కొన్ని 30కి, కొన్ని 37కి, జర్మనీ మార్కెట్ కోసం చేసినవి 50కి ఉంటాయి. 37ది అయితే మంట పదో వంతు తగ్గుతుంది, సర్దుకుపోవచ్చు. 50ది మన 30 మీద పెడితే దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. అప్పుడు ఎంతసేపు మూత వేసినా చువ్వలు సరిగ్గా కాగవు, కోడి ముక్క కాలదు, తన నీళ్ళలో తానే ఉడుకుతుంది. ఈ అంకె గ్రిల్ వెనకవైపో, కింది తలుపు లోపలో అతికించిన రేకు మీద ఉంటుంది. కొనే ముందు ఆ రేకు ఫోటో తీసుకోండి. రేకే లేని గ్రిల్ ఎంత చౌకగా వచ్చినా వదిలేయండి.

మంట చాలడం లేదని కొందరు చేసే పని చూస్తే భయం వేస్తుంది. పెళ్ళి వంటల భట్టీ పొయ్యికి వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ తెచ్చి తగిలిస్తారు. తిప్పేకొద్దీ ప్రెషర్ పెరిగే ఆ రెగ్యులేటర్ 1000 మిల్లీబార్లు దాటి కూడా పంపగలదు, అంటే గ్రిల్ తట్టుకోవాల్సిన దానికి ముప్పై రెట్లు పైమాట. నాబ్ వెనక వాల్వులో ఉండే పల్చని గ్రీజు, రబ్బరు రింగు ఆ ఒత్తిడికి ఆగవు. మంట బర్నర్‌ని వదిలి పైకి లేచి ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. లేదా నాబ్ సందులోంచి కారి ప్యానెల్ వెనక అంటుకుంటుంది. మంట తక్కువైతే దానికి మందు జెట్లు మార్చడం, అంతే. ఆ మోడల్‌కి 30 మిల్లీబార్ల జెట్ల సెట్టు కంపెనీ దగ్గర దొరుకుతుందేమో కొనేముందే కనుక్కోవాలి. ఉన్న జెట్‌నే సూదితోనో, డ్రిల్లుతోనో పెద్దది చేస్తానన్నవాళ్ళని ఆపండి. రంధ్రం 0.9 మిల్లీమీటర్ల నుంచి 1 మిల్లీమీటరుకి పెరిగితే చాలు, గ్యాస్ నాలుగో వంతు దాకా ఎక్కువ పోతుంది. చేత్తో తొలిచిన రంధ్రం గుండ్రంగా కూడా ఉండదు, మంట ఒకపక్కకి వాలుతుంది. పైపు గ్యాస్ కోసం చేసిన గ్రిల్ అయితే జెట్లు ఇంకా పెద్దవి. వాటిని బండ మీద వెలిగిస్తే ఎర్రటి మంట మూత దాకా లేస్తుంది.

విదేశీ గ్రిల్ పైపు చివర ఉండే మర మన బండకి పట్టదు. అలాంటప్పుడు అడాప్టర్ మీద అడాప్టర్ బిగించకండి. ప్రతి అతుకూ ఒక లీకు అవకాశమే. గ్రిల్ మరకి సరిపోయే ఇత్తడి నాజిల్ ఒకటి, గ్యాస్ ఏజెన్సీలో అమ్మే నారింజ రంగు సురక్షా ట్యూబు ఒకటి, రెండు చివర్లా క్లిప్పులు, ఇంటి రెగ్యులేటర్. అంతకుమించి ఏమీ ఉండకూడదు. ట్యూబు ఒకటిన్నర మీటరు దాటనివ్వొద్దు. లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది కాబట్టి ఎలుక కొరికినా తొందరగా తెగదు. దాని మీద తయారైన సంవత్సరం అచ్చయి ఉంటుంది, అయిదేళ్ళకి మార్చాలి. డాబా మీద ఎండలో పడి ఉండే ట్యూబుకి అన్నేళ్ళు ఆగక్కర్లేదు, వంచితే సన్నటి పగుళ్ళు కనిపించిన రోజే తీసేయండి.

బర్నర్ల సంఖ్య చూసి మురిసిపోనక్కర్లేదు. అయిదారుగురున్న ఇంటికి రెండు బర్నర్లది చాలు, తరచూ చుట్టాలొచ్చే ఇంటికి మూడు. ఒక్క బర్నర్‌ది మాత్రం వద్దు. ఒకవైపు మంట పెట్టి, రెండోవైపు ఆపి, ఆపినవైపు ముక్క పెట్టి మూత వేసి నిదానంగా కాల్చడమే బార్బెక్యూలో సగం పని, దానికి కనీసం రెండు కావాలి. అయిదారు బర్నర్ల గ్రిల్‌కి ఇంటి రెగ్యులేటర్ సరిపడా గ్యాస్ ఇవ్వలేదు. అన్నీ ఒకేసారి పెంచితే చివరి బర్నర్లు నీరసపడతాయి. ఖర్చు లెక్క కూడా చూసుకోండి. కిలో గ్యాస్ నుంచి దాదాపు 12.8 కిలోవాట్ గంటల వేడి వస్తుంది. మూడు బర్నర్ల గ్రిల్ సాధారణంగా గంటకి 30,000 బీటీయూ (వేడిని కొలిచే ఇంగ్లీషు లెక్క), అంటే 9 కిలోవాట్లకి కొంచెం తక్కువ. పూర్తి మంట మీద గంటకి 700 గ్రాములు తాగుతుంది. ఆ లెక్కన పెద్ద బండ ఇరవై గంటలు, 5 కిలోల చిన్న బండ ఏడు గంటలు. దుకాణాల్లో బీటీయూ ఎక్కువుంటే గొప్ప అన్నట్టు చెబుతారు. జాలీ వైశాల్యంతో భాగిస్తేనే దానికి అర్థం. చదరపు అంగుళానికి 80 నుంచి 100 బీటీయూ ఉంటే సరిపోతుంది.

ఇక లోహం. బరంపురానికి సముద్రం పట్టుమని పదిహేను కిలోమీటర్లు. గోపాల్‌పూర్ ఇళ్ళలో కిటికీ ఊచలకి పట్టే తుప్పు చూసినవాళ్ళకి ఉప్పుగాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు అన్నంత మాత్రాన తుప్పు పట్టదని కాదు. అయస్కాంతం అంటుకుంటే అది 430 రకం కావచ్చు, ఈ తీరంలో తొందరగా మచ్చలు పడుతుంది. అంటుకోకపోతే తుప్పుకి బాగా ఆగే 304 రకం అని అందరూ చెబుతారు, అది సగం నిజమే. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 202 రకానికి కూడా అయస్కాంతం అంటదు, తుప్పు మాత్రం పడుతుంది. అందుకని బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అదే జవాబు. 304కి కూడా ఉప్పు పేరుకుంటే గోధుమరంగు మరకలు వస్తాయి, కడిగితే పోతాయి. మంట ఉండే పెట్టె పోత అల్యూమినియంది అయితే ఈ తీరానికి అన్నిటికన్నా మేలు, చూడ్డానికి మోటుగా ఉన్నా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. బర్నర్ గొట్టం రేకు మందం గోరుతో నొక్కి చూడండి. డబ్బా రేకులా సొట్టపోతే రెండు వానాకాలాలకి చిల్లులు పడుతుంది. జాలీకి పోత ఇనుము మంచిది, వేడి పట్టి ఉంచుతుంది. ఎనామిల్ పూత ఉన్నదైతే ఇనప గరిటెతో గీకొద్దు. పూత లేచిన చోటే తుప్పు మొదలవుతుంది.

గ్రిల్‌ని ఆరుబయటే పెట్టాలి. ఇనప ఊచలు బిగించిన వరండా, సగం మూసిన షెడ్డు ఆరుబయలు కాదు, కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. మన గ్యాస్ గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారితే పైకి పోదు, నేల మీద పాకుతుంది. డాబా చుట్టూ పిట్టగోడ ఉంటే ఆ గోడల మధ్యే నిలుస్తుంది, లేదా మెట్ల దారిన ఇంట్లోకి దిగుతుంది. మెట్ల తలుపుకి, నీళ్ళ సంపు మూతకి, కాలువ రంధ్రానికి దూరంగా గ్రిల్ పెట్టుకోండి. బండ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. వాలిస్తే ద్రవం నేరుగా పైపులోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. విదేశీ గ్రిల్స్ కింద ఉండే అర వాళ్ళ పొట్టి బండలకి చేసింది, మన పెద్ద బండ అందులో పట్టదు. పక్కనే, ట్యూబు సాగినంత దూరంలో, నేల మీద పెట్టండి. ట్యూబు వేడి పెట్టె కింద నుంచి పోకూడదు.

బండ మార్చిన ప్రతిసారీ సబ్బునీళ్ళ పరీక్ష చేయాలి. అర గ్లాసు నీళ్ళలో ఒక షాంపూ ప్యాకెట్ కలిపితే చాలు. గ్రిల్ నాబులన్నీ మూసి రెగ్యులేటర్ తెరవండి. చిన్న బ్రష్షుతో రెగ్యులేటర్ కూర్చున్న చోట, ట్యూబు రెండు చివర్ల, నాజిల్ మర దగ్గర, చివరగా ఒక్కొక్క నాబ్ కాడ చుట్టూ రాయండి. ఒక నిమిషం ఆగి చూడండి. పెరిగే బుడగ ఎక్కడుంటే లీకు అక్కడ. చాలాసార్లు తప్పు బండ వాల్వు లోపలి నల్ల రబ్బరు రింగుది, అది పగిలి ఉంటుంది లేదా అసలు ఉండదు. బండ తెచ్చిన మనిషి ఎదుటే చూపించి మార్పించుకోవాలి. అగ్గిపుల్లతో లీకు వెతకడం ఇంకా మానని ఇళ్ళున్నాయి, దయచేసి మానండి. వాసన ఆగకపోతే రెగ్యులేటర్ తీసి, బండకి ప్లాస్టిక్ మూత బిగించి, మంటలూ స్విచ్చులూ లేని ఖాళీ చోటుకి చేర్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది.

వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి, ఏ పరిస్థితిలోనూ మూసి వెలిగించకూడదు. ఒక్క నాబ్ తిప్పి మీట నొక్కండి. అయిదు సెకన్లలో అంటుకోకపోతే నాబ్ మూసేసి అయిదు నిమిషాలు ఆగండి. ఆగకుండా టక్ టక్‌మని నొక్కుతూ పోతే పెట్టెలో నిండిన గ్యాస్ ఒక్కసారే అంటుకుని మొహం మీదకి వస్తుంది. మీట పనిచేయకపోవడానికి ఇక్కడ మొదటి కారణం చెమ్మ. నిప్పురవ్వ వచ్చే ఎలక్ట్రోడ్ మొనని పొడిగుడ్డతో తుడవండి, మొనకీ బర్నర్‌కీ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల సందు ఉందో లేదో చూడండి, బ్యాటరీ పెట్టెలో పచ్చటి చిలుము గీకేయండి. వెలిగాక మంట రంగు చూడాలి, అదీ సంధ్యవేళ చూస్తేనే బాగా తెలుస్తుంది. నీలి మంట, కొసన కాస్త పసుపు ఉంటే సరి. మొత్తం పసుపుగా, బద్ధకంగా ఊగుతుంటే గాలి చాలడం లేదు. బర్నర్ గొట్టం మూతి దగ్గర గాలి పలక మరను కొద్దిగా వదులు చేసి తెరవండి. మంట బుస్సుమంటూ బర్నర్‌ని వదిలి లేస్తుంటే గాలి ఎక్కువైంది, కొద్దిగా మూయండి. విదేశీ గ్రిల్స్ ప్రొపేన్ లెక్కకి సర్దినవి, మన బండలో బ్యూటేన్ కూడా కలిసి ఉంటుంది, అందుకే కొత్తదానికైనా ఈ సర్దుబాటు తరచూ అవసరపడుతుంది.

గాలి పలక తెరిచే ఉన్నా మంట పసుపుగానే ఉంటే, లేదా నాబుల దగ్గర కాలిన వాసన వస్తే, వెంటనే ఆపి బర్నర్ గొట్టం తీసి వెలుతురుకి ఎత్తి చూడండి. లోపల సాలీడు గూడో, కందిరీగ పెట్టిన మట్టిగూడో ఉంటుంది. గ్యాస్ వాసనకి సాలీళ్ళు ఆ గొట్టాల్లో చేరతాయని తయారీదారులే హెచ్చరిస్తారు. గూడు అడ్డం పడితే గ్యాస్ ముందుకి పోలేక వెనక్కి తిరిగి, జెట్ దగ్గరే, చేతికి అంగుళాల దూరంలో మండుతుంది. వానాకాలమంతా కప్పి ఉంచిన గ్రిల్‌ని దసరాకి బయటికి తీసినప్పుడు గొట్టం చూడకుండా వెలిగించొద్దు. సన్నటి సీసా బ్రష్షు దూర్చి తోమి, నీళ్ళు పోసి, పూర్తిగా ఎండబెట్టి పెట్టాలి. బర్నర్ రంధ్రాలకి కొబ్బరి చీపురు పుల్ల చాలు. పుల్ల దూరకపోతే సన్న రాగి తీగ. తిరిగి పెట్టేటప్పుడు గొట్టం మూతి జెట్ మీద సరిగ్గా కూర్చుందో లేదో కళ్ళతో చూడండి. అది పక్కకి తప్పి ఉండటం మేము చాలాసార్లు చూసే తప్పు.

కాల్చే సంగతి క్లుప్తంగా. పది పదిహేను నిమిషాలు మూత వేసి పూర్తి మంట మీద జాలీని కాగనివ్వాలి. నూనె చువ్వలకి కాకుండా ముక్కకి రాయండి. చందువ, వంజరం అయితే తడి పూర్తిగా అద్ది, నూనె పూసి, పెట్టాక కదపకుండా వదిలేయాలి. దానంతట అది చువ్వని వదిలినప్పుడే తిప్పాలి, ముందే లాగితే తోలు జాలీకే అంటుకుపోతుంది. చిలికా రొయ్యలకి రెండువైపులా కలిపి నాలుగైదు నిమిషాలు దాటొద్దు. పెరుగు, బెల్లం పట్టించిన మసాలా నేరుగా మంట మీద మాడిపోతుంది, మంట ఆపినవైపు పెట్టి చివర్లో రెండు నిమిషాలు మంట మీదకి జరపాలి. కోడి కాలు ఎముక పక్కన 74 డిగ్రీలు తాకాలి, చిన్న థర్మామీటరు కొనుక్కోవడం దండగ కాదు. కొవ్వు కారి మంట లేస్తే ముక్కల్ని పక్కకి జరపండి. జిడ్డు ట్రేనే అంటుకుంటే నాబులు, రెగ్యులేటర్ మూసి మూత వేసి ఉంచండి. నీళ్ళు మాత్రం పోయొద్దు, మండే కొవ్వు చిట్లి ఒంటి మీద పడుతుంది.

వంట అయ్యాక వెంటనే ఆపేయకుండా పది నిమిషాలు పూర్తి మంట మీద వదిలితే అంటుకున్నదంతా బొగ్గై రాలుతుంది. ఆపి, వెచ్చగా ఉండగానే రుద్దాలి. ఇనప తీగల బ్రష్షు వద్దు. దాని తీగ ఒకటి ఊడి జాలీకి పట్టి, మర్నాడు ముక్కతోపాటు గొంతులోకి దిగిన కేసులు వైద్యులు నమోదు చేశారు. తడి కొబ్బరి పీచు పట్టుకారుతో పట్టి రుద్దితే శుభ్రంగా వస్తుంది. తర్వాత వేరుశెనగ నూనె పల్చగా రాయాలి. స్టీలు మూతకి ఇనప పీచు తగలనివ్వొద్దు, దాని రజను స్టీలులో ఇరుక్కుని చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. బ్లీచింగ్ నీళ్ళు అసలే వద్దు. తీరం ఊళ్ళలో వారానికోసారి మంచినీళ్ళతో బయటంతా తుడిచి ఆరబెట్టడం కన్నా మంచి సంరక్షణ లేదు. కవరు పూర్తిగా చల్లారి, ఆరాకే వేయాలి. తడి మీద కప్పిన కవరు వాన కన్నా ఎక్కువ తుప్పు తెస్తుంది. జిడ్డు ట్రే ప్రతిసారీ ఖాళీ చేయకపోతే చీమలు, ఆ వెనకే ఎలుకలు, ఆ వెనకే కొరికిన ట్యూబు.

బర్నర్ల మీద కప్పులా ఉండే పల్చటి రేకులు అన్నిటికన్నా ముందు పోతాయి, అది సహజమే. విడిభాగం దొరక్కపోతే ఊళ్ళో ఫ్యాబ్రికేషన్ దుకాణంలో పాత రేకు కొలతకి 18 గేజి 304 స్టీలు వంచి ఇస్తారు. జింకు పూత రేకుతో చేయిస్తే వేడికి విషపు పొగ వస్తుంది, చవకని ఒప్పుకోవద్దు. జాలీ అంతటికీ అల్యూమినియం ఫాయిల్ పరిచేవాళ్ళు కూడా ఉన్నారు. అలా పరిస్తే వేడి కిందనే చిక్కుకుని నాబులు, ట్యూబు కాలతాయి.

కోరాపుట్, సిమిలిగుడ కొండల్లో జనవరి రాత్రి మంట మధ్యలో నీరసపడితే గ్రిల్ పాడైందనుకోనక్కర్లేదు. బ్యూటేన్ చలికి ఆవిరవడం తగ్గుతుంది, ఎక్కువ గ్యాస్ లాగేకొద్దీ బండ ఇంకా చల్లబడి చెమర్చుతుంది. ఒక బర్నర్ తగ్గించి కాసేపు ఆగండి. బండ మీద వేడినీళ్ళు పోయడం, పక్కన మంట పెట్టడం ఎవరూ చేయకూడదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బండ విడదీసి, చక్రాల గ్రిల్‌ని డాబా మీదనుంచి దించేయండి. 2013లో పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి గాలికి ఇలాంటి బరువులు లెక్కలోకే రావు.

బండ తీసుకునేటప్పుడు పైపిడి లోపలి పట్టీ మీద అక్షరం, అంకె చూడండి, బండని మళ్ళీ పరీక్షించాల్సిన గడువు అది. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు, పక్కనున్నది సంవత్సరం. ఆ గడువు దాటిన బండ తిప్పి పంపే హక్కు మీకుంది. ఖాళీ బరువు కూడా అక్కడే రాసి ఉంటుంది, తూకం వేసి అది తీసేస్తే లోపల మిగిలిన గ్యాస్ ఎంతో తెలుస్తుంది. పిక్నిక్ కోసం పెద్ద బండ నుంచి చిన్న బండలోకి వీధి దుకాణంలో గ్యాస్ మార్పించుకోవడం చట్టవిరుద్ధం, పైగా ఎక్కువ నింపితే ఎండకి ద్రవం వ్యాకోచించి బండ పగలవచ్చు. 5 కిలోల నిండు బండ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో గుర్తింపు కార్డు చూపితే ఇస్తారు. కేటరింగ్ చేసేవాళ్ళు ఇంటి బండ వాడకూడదు, వాళ్ళకి 19 కిలోలది ఉంది.

దుకాణదారులకి మా విన్నపం ఇది. బార్బెక్యూ అమ్మిన ప్రతి బిల్లు మీద మూడు అంకెలు రాయండి: ఎన్ని మిల్లీబార్లకి చేసింది, గంటకి ఎంత గ్యాస్ తీసుకుంటుంది, స్టీలు ఏ రకం. సబ్బునీళ్ళ పరీక్ష కొన్నవారి ఎదుటే ఒకసారి చేసి చూపించండి, అయిదు నిమిషాల పని. గ్యాస్ ఏజెన్సీలు ఇంటింటి తనిఖీకి వచ్చినప్పుడు వంటింటి పొయ్యితో ఆగకుండా డాబా మీద గ్రిల్ ట్యూబు, రెగ్యులేటర్ కూడా చూడాలని, జిల్లా అధికారులు ఆ మేరకు ఆదేశించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
గ్యాస్ పొయ్యిల మరమ్మతు పనివారు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా